విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 – 1815) స్కాట్లాండు దేశానికి చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. ఈస్టిండియా కంపెనీ కొలువులో భారతదేశానికి వచ్చి, సుమారు 37 సంవత్సరాలు ఇక్కడ పనిచేశాడు. ఇందులో పన్నెండేళ్ళు నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో గడిచాయి. కోరమాండల్ తీరపు మొక్కలు, ఫ్లోరా ఇండికా అనే గ్రంథాల ద్వారా ఆయన ప్రసిద్ధుడు. భారత వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు.

వృక్షశాస్త్రవేత్తగా ఆయనకు లభించిన కీర్తి చాటున మరి రెండు కృషులు కొంత మరుగున పడ్డాయి. ఒకటి, ప్రతిదినం మూడు పూటలా వాతావరణ వివరాలను నమోదు చేయడం. రెండవది, మొక్కలను ఆశ్రయించి బ్రతికే లక్క పురుగు, కొచినీల్ పురుగు, దసలి పట్టుపురుగు వంటి కీటకాలను పరిశీలించడం. వాన, మొక్క, పురుగు అనే మూడింటికీ గల సంబంధం ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టాలన్నిటిలోనూ కనిపిస్తుంది.

బాల్యం, విద్య

రాక్స్‌బర్గ్ 1751 జూన్‌లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, క్రెయిగీ పారిష్‌కు చెందిన అండర్‌వుడ్ అనే చోట జన్మించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్య విద్యార్థులకు వృక్షశాస్త్రం తప్పనిసరిగా తెలియవలసిన విద్య, ఎందుకంటే మందులలో ఎక్కువ భాగం మొక్కల నుండే వచ్చేవి. అక్కడ వృక్షశాస్త్రం బోధించిన జాన్ హోప్, స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రూపొందించిన వర్గీకరణ పద్ధతిని బ్రిటనులో ప్రచారం చేసిన తొలితరం ఆచార్యులలో ఒకడు. మొక్కను పేరుపెట్టి వదిలివేయక, అది పెరిగే నేలను, ఋతువును కూడా గమనించాలన్న అలవాటు రాక్స్‌బర్గ్‌కు ఈ గురువు వద్దనే కలిగింది.

చదువు పూర్తికాకముందే ఈస్టిండియా కంపెనీ ఓడలలో సహాయ వైద్యునిగా పనిచేసి, 1776లో మద్రాసు చేరాడు. అక్కడి ఆసుపత్రిలో అసిస్టెంటు సర్జనుగా నియమితుడై, 1780లో పూర్తిస్థాయి సర్జను అయ్యాడు.

మద్రాసులో వాతావరణ నమోదు

మద్రాసుకు వచ్చిన తొలినాళ్ళ నుండే రాక్స్‌బర్గ్ వాతావరణ దినచర్యను వ్రాయడం మొదలుపెట్టాడు. రోజుకు మూడు పర్యాయాలు రామ్స్‌డెన్ తయారుచేసిన భారమితితో వాయుపీడనాన్ని, నైర్న్ తయారుచేసిన ఉష్ణమాపకంతో ఉష్ణోగ్రతను చూసి పట్టికలలో వ్రాసేవాడు. సెయింట్ జార్జి కోటలో నమోదు చేసిన ఈ పట్టికలు 1778లోను, 1780లోను లండన్ రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రికలో ప్రచురితమయ్యాయి. వీటిని సొసైటీకి అందజేసిన సర్ జాన్ ప్రింగిల్, వాతావరణానికీ వ్యాధులకూ గల సంబంధాన్ని అధ్యయనం చేసిన ప్రసిద్ధ వైద్యుడు.

ఉష్ణమండలంలో వరుసగా, ఒక క్రమపద్ధతిలో జరిగిన తొలి వాతావరణ నమోదులలో ఇది ఒకటి. ఒకటి రెండు సంవత్సరాల అంకెలకు విలువ తక్కువ. ఏళ్ళ తరబడి వ్రాసినపుడే ఏ ఏడు మామూలు ఏడో, ఏ ఏడు తేడా చేసిందో తెలుస్తుంది. తరువాత సామర్లకోటలో కరువు వచ్చినపుడు ఈ అలవాటు ఆయనకు ఎంతగానో ఉపకరించింది.

మద్రాసుకు దక్షిణాన ఉన్న నాగూరులో కొంతకాలం పనిచేసినపుడు, లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్‌తో ఆయనకు స్నేహం ఏర్పడింది. దక్షిణ భారతపు మొక్కలను శాస్త్రీయంగా వర్ణించే పనిలో వీరిరువురూ పరస్పరం సహకరించుకున్నారు.

సామర్లకోటలో

1781లో రాక్స్‌బర్గ్ ఉత్తర సర్కారులలోని సామర్లకోటకు బదిలీ అయ్యాడు. అక్కడి కంపెనీ దండుకు వైద్యునిగా ఉంటూనే ఒక తోటను ఏర్పాటుచేశాడు. మిరియాలు, కాఫీ, దాల్చిన, జాజికాయ, నీలిమందు, చెరకు, మల్బరీ, సీమపనస మొదలైన వాటిని అక్కడ పెంచి చూశాడు. రాజమహేంద్రవరం సర్కారు కొండలలో అడవి మిరియపు తీగలు కనబడటంతో, వాటిని మైదానంలో సాగుచేయవచ్చునని కంపెనీ ఆశపడింది. కాని నిత్యం చెమ్మ, నీడ కోరే తీగకు వేసవిలో వడగాడ్పులు వీచే సామర్లకోట అనువైన చోటు కాదు. మిరియాల తోట ఆశించిన లాభం ఇవ్వలేదు. తోట మొక్కను ఒక చోటి నుండి మరొక చోటికి మార్చినపుడు నేలకంటె శీతోష్ణస్థితే ఎక్కువగా ఫలితాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇది ఒక నిదర్శనం.

ఈ కాలంలోనే ఆయన స్థానిక చిత్రకారులను నియమించి, మొక్కలను చూచి సహజ పరిమాణంలో బొమ్మలు వేయించడం ప్రారంభించాడు. 1790 నాటికి సుమారు 700 చిత్రాలు సిద్ధమయ్యాయి. ప్రతి మొక్కకు తెలుగు పేరును అడిగి తెలుసుకొని వర్ణనలో చేర్చేవాడు. ఆ విధంగా మోదుగ, సోమిద, బిల్లుడు, ఏపి, చిట్టీత వంటి అనేక తెలుగు పేర్లు యూరపు శాస్త్రగ్రంథాలలోకి ప్రవేశించాయి. సోమిద చెట్టుకు తరువాత స్థిరపడిన సోయ్‌మిడా అనే ప్రజాతి నామం తెలుగు పేరు నుండి వచ్చినదే. ఈ చెట్టు బెరడు జ్వరానికి సింకోనా బెరడు వలె పనిచేయగలదని ఆయన భావించి ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాశాడు.

1785లో కోనిగ్ మరణించాక, ఆ పదవిలో పాట్రిక్ రస్సెల్ కొంతకాలం పనిచేశాడు. 1789లో రస్సెల్ స్వదేశానికి వెళ్ళిపోవడంతో రాక్స్‌బర్గ్ కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు.

1787 ఉప్పెన

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెద్ద తుఫాను తాకింది. సముద్రం పొంగి తీరగ్రామాలు అనేకం కొట్టుకుపోయాయి. వేలాది మంది మరణించారు. కోరంగికి సమీపంలోని ఇంజరం వద్ద ఈ ఉప్పెనలో చిక్కి, రాక్స్‌బర్గ్ ఏళ్ళ తరబడి సేకరించిన ఎండు మొక్కల నమూనాలలో అధికభాగం నాశనమైంది. ఆయన మళ్ళీ మొదటినుండి సేకరణ ఆరంభించవలసి వచ్చింది. నేడు కోరమాండల్ మొక్కల గ్రంథంలో కనిపించే చాలా వర్ణనలు ఈ రెండవ సేకరణ ఫలితాలే.

కరువు, వాన లెక్కలు

ఉప్పెన వచ్చిన రెండేళ్ళకే అనావృష్టి మొదలైంది. 1789 నుండి 1792 వరకు వరుసగా వానలు సరిగా కురవలేదు. ఉత్తర సర్కారులతో పాటు నిజాం రాజ్యం, మరాఠా రాజ్యపు దక్షిణ భాగం, గుజరాత్, మార్వాడ్ ప్రాంతాలను కూడా ఈ క్షామం పీడించింది. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. మృతులకు దహన, ఖనన సంస్కారాలు చేసేవారు లేక పుర్రెలు ఎక్కడివక్కడే పడి ఉన్నందున దీనికి పుర్రెల కరువు అనే పేరు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర భాగంలో కొన్నిచోట్ల జనాభాలో సగం వరకు నశించినట్లు చరిత్రకారులు అంచనా వేశారు.

రాక్స్‌బర్గ్ ఈ కరువును వైద్యునిగా చూశాడు, వాన లెక్కలు వ్రాసినవాడిగా కూడా చూశాడు. అంతకు ముందటి సంవత్సరాల పట్టికలు తన వద్ద ఉన్నందున లోటు ఎంతో ఆయనకు స్పష్టంగా తెలిసింది. ఇటువంటి విపత్తు గతంలో ఎప్పుడైనా వచ్చిందా అని పిఠాపురం సంస్థానంలో విచారించి, సుమారు నూరేళ్ళ క్రితం, 17వ శతాబ్దపు చివరి భాగంలో కూడా ఇంతటి కరువు వచ్చినట్లు తెలుసుకున్నాడు. అనావృష్టి ఒక్కసారి జరిగే అపశ్రుతి కాదని, మళ్ళీ మళ్ళీ వచ్చేదని దీనివల్ల ఆయనకు అర్థమైంది. అందువలన ధాన్యం మీదనే ఆధారపడక, వాన లేని ఏళ్ళలో కూడా కొంత ఆహారమిచ్చే కొబ్బరి, ఈత, తాటి, పనస, సీమపనస, అరటి, సగ్గుబియ్యపు చెట్లను విరివిగా నాటించాలని కంపెనీ ప్రభుత్వానికి సూచించాడు.

కోరంగి సమీపంలోని ఇసుక మెట్టలలో పెరిగే చిట్టీత అనే పొట్టి ఈత మొక్కను ఆయన ఫీనిక్స్ ఫారినిఫెరా అనే పేరుతో వర్ణించాడు. దీని కాండం మధ్యలోని పిండి పదార్థాన్ని పేదలు కరువులో తిని ప్రాణాలు నిలుపుకొనేవారు. శాస్త్రనామంలోని రెండవ పదానికి పిండినిచ్చేది అని అర్థం.

ఈ అనావృష్టి ఒక్క భారతదేశానికి పరిమితమైనది కాదు. అదే కాలంలో అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలీనా దీవిలోనూ, కరేబియన్ దీవులలోనూ, ఆస్ట్రేలియాలోనూ వానలు తగ్గాయి. పసిఫిక్ మహాసముద్రపు ఉపరితల జలాలు వేడెక్కడం వలన కలిగే ఎల్‌నినో ప్రభావమే ఇందుకు కారణమని నేటి వాతావరణ చరిత్రకారులు భావిస్తున్నారు. భారత వాతావరణ శాఖకు 1904 నుండి 1924 వరకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ దూరదేశాల వాయుపీడనాల మధ్య గల సంబంధాన్ని కనుగొన్న తరువాతనే ఈ విషయం తెలిసింది. రాక్స్‌బర్గ్ నమోదులు ఆనాటి ఎల్‌నినోకు మిగిలిన అరుదైన సాక్ష్యాలలో ఒకటి.

లక్క పురుగు

లక్క మనవారికి అనాదిగా తెలిసిన వస్తువు. అయితే అది చెట్టు బంకా, లేక పురుగు తయారుచేసినదా అన్న సంగతి యూరపు శాస్త్రవేత్తలకు 18వ శతాబ్దం వరకు స్పష్టంగా తెలియదు. 1781లో జేమ్స్ కెర్ అనే వైద్యుడు బెంగాలు ప్రాంతపు లక్క పురుగు గురించి వ్రాశాడు. నేటి శాస్త్రనామం కెర్రియా లక్కా ఆయన పేరుమీదనే ఏర్పడింది. దాని తరువాత వచ్చిన ముఖ్యమైన వర్ణన రాక్స్‌బర్గ్‌ది. సామర్లకోటలో చేసిన ఈ పరిశీలన ఏషియాటిక్ రీసెర్చెస్ రెండవ సంపుటంలోను, 1791లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లోను వెలువడింది.

కొండల నుండి నవంబరు 20న ఆయనకు తాజా లక్కతో కూడిన కొన్ని కొమ్మలు వచ్చాయి. అవి వెలుతురు చెట్టు కొమ్మలు. ఇది వాన తక్కువ పడే మెట్టలలో, చిట్టడవులలో పెరిగే ముళ్ళ పొద. ఆయన వాటిని జాగ్రత్తగా భద్రపరచగా, పద్నాలుగు రోజుల తరువాత డిసెంబరు 4న లక్క గూళ్ళ నుండి కంటికి ఆననంత చిన్న పురుగులు అసంఖ్యాకంగా వెలువడి కొమ్మల మీద పాకసాగాయి. వాటిని సూక్ష్మదర్శినితో చూచి, కాళ్ళు, మీసాలు, తోక వెండ్రుకలు మొదలైన వివరాలు వ్రాశాడు. గూటిలో ఉన్నది తల్లి పురుగు అని, లక్క ఆ పురుగుల నివాసమని ఆయన నిర్ధారించాడు.

లక్క పురుగు జీవితమంతా ఆశ్రయమిచ్చిన మొక్క మీద, దానికి నీరిచ్చే వాతావరణం మీద ఆధారపడినది. పిల్ల పురుగు లేత కొమ్మను వెదకి, అందులో నోటి సూదిని దించి, అక్కడే స్థిరపడుతుంది. ఆడపురుగు కాళ్ళను కూడా కోల్పోయి, మళ్ళీ కదలలేని స్థితికి వస్తుంది. కనుక ఎండ, చలి, వాన ఏది వచ్చినా అది తప్పించుకొని పోలేదు. మోదుగ, రేగు చెట్ల మీద పెరిగే రకానికి ఏడాదిలో రెండు పంటలు ఉంటాయి. ఒకటి అక్టోబరు, నవంబరులలో మొదలై వేసవి దాటి జూన్, జూలైలలో ముగుస్తుంది. రెండవది వానకాలంలో పెరిగి శరదృతువులో ముగుస్తుంది. వేసవి తీవ్రంగా ఉన్న ఏట చెట్టులో రసం తగ్గి, కొమ్మలమీద పురుగులు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. వేసవి పంట దెబ్బతింటే వానకాలపు పంటకు విత్తన లక్క దొరకదు. గాలిలో చెమ్మ, వెచ్చదనం ఎక్కువైతే లక్క పురుగును తినే చిమ్మెట లార్వాలు పెరుగుతాయి. ఈ విధంగా ఒకే వాతావరణ మార్పు చెట్టునూ, పురుగునూ, ఆ పురుగుకు గల శత్రువునూ వేర్వేరుగా తాకుతుంది. ఈ విషయాలను 20వ శతాబ్దంలో రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో 1924లో స్థాపించబడిన లక్క పరిశోధనా సంస్థ విస్తృతంగా అధ్యయనం చేసింది.

మోదుగకు బ్యూటియా ఫ్రాండోసా అనే పేరును, తీగమోదుగకు బ్యూటియా సుపర్బా అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చినది రాక్స్‌బర్గే. మోదుగకు నేటి శాస్త్రనామం బ్యూటియా మోనోస్పెర్మా. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టును కూడా ఆయన వర్ణించి, దాని ఆకు నుండి నీలిరంగు తీయవచ్చునని ప్రయోగాలు చేశాడు. అంకుడు కర్రపై లక్క రంగు పూసి చేసే ఈ బొమ్మలలో ఆయన పరిశీలించిన చెట్టు, పురుగు రెండూ కలిసి కనిపిస్తాయి.

కలకత్తా ఉద్యానవనం

కలకత్తా సమీపాన శిబ్‌పూర్‌లో ఉద్యానవనాన్ని స్థాపించిన రాబర్ట్ కిడ్ 1793లో మరణించాడు. అదే ఏడాది చివరలో రాక్స్‌బర్గ్ ఆ పదవిలో చేరాడు. సామర్లకోట తోటను బెంజమిన్ హైన్ అనే వైద్యునికి అప్పగించారు. రాక్స్‌బర్గ్ చేరేనాటికి కలకత్తా తోటలో సుమారు 300 రకాల మొక్కలు ఉండగా, 1813లో ఆయన విడిచి వెళ్ళేనాటికి 3,500 రకాలు ఉన్నాయి. 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన హార్టస్ బెంగాలెన్సిస్ ఈ మొక్కల జాబితా. దీనిని ప్రచురించిన విలియం కేరీ ఆయనకు సన్నిహిత మిత్రుడు. కుంభి చెట్టు ప్రజాతికి కేరీ పేరుమీద కరేయా అని రాక్స్‌బర్గ్ నామకరణం చేశాడు.

జనుము, గోగు, జనపనార మొదలైన నారల బలాన్ని పోల్చి చూచే ప్రయోగాలు ఈ కాలంలోనివి. జనపనారను ఇంగ్లండుకు నమూనాగా పంపి, దాని వాణిజ్యానికి దారి తీసినవారిలో ఆయన ఒకడు.

కొచినీల్, నాగజెముడు

రాక్స్‌బర్గ్ కాలంలో జరిగిన ఒక పొరపాటు కీటకశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం పొందింది. అమెరికా ఖండంలో నాగజెముడు మొక్కలపై పెరిగే కొచినీల్ పురుగు నుండి శ్రేష్ఠమైన ఎర్రరంగు లభిస్తుంది. దీనిపై స్పెయిన్ దేశానికి గుత్తాధిపత్యం ఉండేది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ ఈ పురుగును ఇక్కడ పెంచాలని పట్టుదలతో ప్రయత్నించి, సైదాపేటలో నాగజెముడు తోటను కూడా సిద్ధం చేయించాడు. పురుగు మాత్రం దొరకలేదు.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి రియో డి జనీరో నుండి కొన్ని పురుగులను కలకత్తాకు తెచ్చాడు. అవి రాక్స్‌బర్గ్ ఆధీనంలోని ఉద్యానవనంలో విడువబడ్డాయి. నిజానికి అవి రంగునిచ్చే సాగు రకమైన డాక్టిలోపియస్ కాకస్ కావు. వాటికి దగ్గరి బంధువైన డాక్టిలోపియస్ సిలోనికస్ అనే అడవి రకం. రంగు కోసం సిద్ధం చేసిన మొక్కలకన్నా, అప్పటికే దేశంలో కంచెలుగా, బీళ్ళలో కలుపుగా వ్యాపించి ఉన్న ఒక జాతి నాగజెముడు పైనే అవి చక్కగా పెరిగాయి. దాని శాస్త్రనామం ఒపన్షియా మోనకాంథా. రంగు నాసిరకం కావడంతో వాణిజ్యం నిలబడలేదు. పురుగు మాత్రం నిలబడింది. అది వ్యాపించినచోటల్లా ఆ నాగజెముడు ఎండి నేలకూలింది.

రంగు పరిశ్రమ దృష్టితో ఇది వైఫల్యం. కాని కలుపు మొక్కను దాని సహజ శత్రువైన పురుగుతో అదుపు చేయవచ్చునని ప్రపంచానికి మొదట చూపినది ఈ సంఘటనే. 1836 – 1838 మధ్య ఈ పురుగును ఉద్దేశపూర్వకంగా దక్షిణ భారతానికి తెచ్చి నాగజెముడుపై విడిచారు. ఆ తరువాత 1860లలో సింహళానికి తీసుకొనిపోయారు. కలుపు నివారణకు ఒక కీటకాన్ని కావాలని ప్రయోగించి సఫలమైన తొలి ఉదాహరణ ఇదే.

ఈ పురుగు ఒక్క జాతి నాగజెముడును మాత్రమే తింటుంది. దక్షిణాది బీళ్ళలో విస్తరించిన ఒపన్షియా స్ట్రిక్టా అనే మరో జాతిని అది ముట్టలేదు. ఆ జాతి తగ్గడానికి 1926లో సింహళం నుండి డాక్టిలోపియస్ ఒపన్షియే అనే వేరొక రకాన్ని తేవలసి వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే అది బీడు భూములను చాలావరకు విడిపించింది.

కొచినీల్ పురుగుకు కూడా వాతావరణమే హద్దు. ఆడపురుగు తెల్లని దూది వంటి మైనపు పొర కప్పుకొని మొక్కమీద అంటుకొని ఉంటుంది. పిల్ల పురుగులు గాలికి ఎగిరి ఒక మొక్క నుండి మరొక మొక్కకు చేరుతాయి. పొడి వాతావరణంలో ఇవి త్వరగా వృద్ధి చెందుతాయి. జోరువానలు పడితే పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి, ఆ సమయంలోనే మొక్క కొత్త మట్టలు వేసి కోలుకుంటుంది. కాబట్టి ఒకే పురుగు ఒకచోట మొక్కను నిర్మూలించి, మరొకచోట కేవలం అదుపులో ఉంచవచ్చు. పురుగు, మొక్క రెండూ పరాయి దేశానివైనపుడు ఫలితాన్ని తేల్చేది కొత్తచోటి ఎండ, వానలే.

చెరకు, చెదలు

1796లో కంపెనీ వర్తకులు చైనాలోని కాంటన్ నుండి ఒక రకం చెరకును రాక్స్‌బర్గ్‌కు పంపారు. ఆయన దీనికి సఖారమ్ సైనెన్సె అని పేరుపెట్టాడు. ఈ చెరకు గడ గట్టిగా ఉన్నందున చెదపురుగులు, నక్కలు దానిని అంతగా పాడుచేయలేవని ఆయన గమనించాడు. ఆనాటి దేశవాళీ చెరకు తోటలకు ఈ రెండూ పెద్ద శత్రువులు.

నేలలో చెమ్మ తగ్గినపుడు చెదలు పచ్చి పైరుమీద పడటం ఎక్కువవుతుంది. తడి ఉన్న నేలలో ఎండుటాకులు, చచ్చిన వేళ్ళతో సరిపెట్టుకొనే చెద, నీరెండిన నేలలో తేమ కోసం పైరులోనికే తొలుస్తుంది. అందుచేత అనావృష్టి ఏళ్ళలో రైతుకు నీటి లోటు ఒక దెబ్బ, చెద రెండవ దెబ్బ. కరువును కళ్ళారా చూచిన రాక్స్‌బర్గ్ కొత్త రకాన్ని దిగుబడితోనే కాక, పురుగును తట్టుకొనే గుణంతో కూడా తూచడం విశేషం. నేటి వ్యవసాయ పరిశోధనలో కీటక నిరోధక రకాల ఎంపికకు ఇటువంటి పరిశీలనే ఆధారం. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం మబ్బు, ముసురు వాతావరణంలో విజృంభించే ఉల్లికోడును తట్టుకొనే వరి రకాలను రూపొందించింది.

దసలి పట్టుపురుగు

1804లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో రాక్స్‌బర్గ్ దసలి పట్టుపురుగు, ఆముదపు పట్టుపురుగుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. దసలి పురుగు అడవిలో మద్ది, రేగు మొదలైన చెట్ల ఆకులను తిని బ్రతుకుతుంది. నల్లమద్ది, తెల్లమద్ది చెట్లను కూడా శాస్త్రీయంగా వర్ణించినది ఆయనే.

దసలి పురుగు జీవితచక్రం ఋతుపవనాలకు అనుగుణంగా నడుస్తుంది. చలికాలం మొదలు వేసవి చివరి వరకు అది గూటిలో ప్యూపా దశలో నిద్రాణంగా ఉండి, తొలకరి వానలకు చెట్లు చిగిర్చే సమయానికి చిమ్మెటగా బయటకు వస్తుంది. వానలు ఆలస్యమైతే పురుగు పిల్లలకు లేత ఆకు అందదు. తెలంగాణలో గోదావరి తీరాన ఉన్న మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల మద్ది చెట్లమీద దసలి పట్టు పెంపకం కొనసాగుతూ వస్తున్నది.

గ్రంథాలు

సామర్లకోటలో వేయించిన చిత్రాలు, వర్ణనలను ఆయన లండన్‌కు పంపగా, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం 1795 నుండి మూడు పెద్ద సంపుటాలుగా వెలువడింది. ఇందులో 300 చిత్రపటాలు ఉన్నాయి. చివరి భాగం ఆయన మరణానంతరం పూర్తయింది. ఈ బొమ్మలను చిత్రించిన కళాకారుల పేర్లు గ్రంథంలో లేవు.

ఆయన జీవితకాలపు కృషి అయిన ఫ్లోరా ఇండికా వ్రాతప్రతిని ఇండియా విడిచి వెళ్ళేటపుడు కేరీకి అప్పగించాడు. కేరీ, నథానియల్ వాలిచ్‌లు కలిసి 1820లో మొదటి సంపుటాన్ని, 1824లో రెండవ సంపుటాన్ని ప్రకటించారు. పూర్తి గ్రంథం 1832లో మూడు సంపుటాలుగా వచ్చింది. ఆయన వేయించిన 2,500కు పైగా చిత్రాలు కలకత్తాలో భద్రపరచబడ్డాయి.

చివరి రోజులు

భార్య మరణించగా మళ్ళీ వివాహం చేసుకోవడం జరిగి, రాక్స్‌బర్గ్‌కు మొత్తం మూడు వివాహాలయ్యాయి. ఏళ్ళ తరబడి ఉష్ణమండలంలో పనిచేయడం వలన ఆరోగ్యం దెబ్బతిని, 1813లో ఆయన భారతదేశాన్ని విడిచిపెట్టాడు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో కొన్ని నెలలు ఆగి, అనారోగ్యంతో ఉండికూడా అక్కడి మొక్కల జాబితాను తయారుచేశాడు. 1791 ప్రాంతంలో సామర్లకోటతో పాటు కరువును అనుభవించిన దీవి ఇదే. 1815లో ఆయన ఎడిన్‌బరోలో మరణించాడు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ప్రాముఖ్యత

మొక్కల శాస్త్రనామాల చివర రాక్స్‌బ్. అని కనిపించే సంక్షిప్తం రాక్స్‌బర్గ్‌ను సూచిస్తుంది. తెలుగుదేశపు మెట్టలలో, చిట్టడవులలో పెరిగే అనేక మొక్కల పేర్లకు ఈ సంక్షిప్తం చేరి ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల గట్ల మీద పూసే మోదుగలు, ఎండిన నేలలలో పెరిగే రేగు పొదలు ఆయన ఉత్తర సర్కారులలో చూచి వ్రాసిన మొక్కల జాతులే.

ఆయన కృషికి పరిమితులు కూడా ఉన్నాయి. కంపెనీ ఆయనను నియమించినది లాభసాటి పంటల కోసం. మొక్కల పేర్లు, ఉపయోగాలు చెప్పిన స్థానికులు, కొండల నుండి లక్క కొమ్మలు తెచ్చినవారు చరిత్రలో పేరు లేకుండా మిగిలిపోయారు. కరువును ఎదుర్కొనడానికి చెట్లు నాటించాలన్న ఆయన సూచనలు విస్తృతంగా అమలు కాలేదు.

అయినప్పటికీ వానను కొలిచిన చేతితోనే మొక్కను వర్ణించి, ఆ మొక్కపై పాకే పురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూచిన తొలితరం పరిశోధకులలో రాక్స్‌బర్గ్ ఒకడు. ఈ మూడింటినీ కలిపి అధ్యయనం చేసే శాస్త్రానికి ఆయన కాలంలో పేరైనా లేదు. ఉష్ణోగ్రతలు పెరిగి, వానల రాకపోకలు మారుతున్న ప్రస్తుత కాలంలో ఏ పురుగు ఏ మొక్కను ఆశిస్తుందో, ఎప్పుడు విజృంభిస్తుందో ముందుగా తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు పాత వాతావరణ పట్టికలు, పాత కీటక వర్ణనలు అవసరమవుతున్నాయి. మద్రాసు, సామర్లకోటలలో రాక్స్‌బర్గ్ వ్రాసిపెట్టిన పుటలు అటువంటి ఆధారాలలో అతి ప్రాచీనమైనవి.